ఇలకోళ్ల లెక్క

దారుల్‌షిఫా దిక్కు పాత కమాన్‌కు సున్నం కొట్టంగ
రాలిపడ్డయి మూడు పిల్లలు.
గూడంటే ఏముంది,
ఉమ్మితోని అతికిన ఈకలు, కోడిబూరు,
ఎప్పటిదో పతంగి మాంజా ముక్క.
చెప్పుల డబ్బల పెట్టి తెచ్చిండు తాపీ లతీఫ్.
"మీ కాడ పురుగులుంటయట గదా."

ఉంటయి.
రాజేంద్రనగర్‌ల కోళ్ల దాణా గది మాది.
పురుగును పెంచి, ఎండబెట్టి, పొడిగొట్టి
ఏది తిన్న కోడి ఎంత పెరిగిందో రాసే కొలువు.
పదకొండేండ్ల సంది తూకం నేనే రాస్త.
పురుగుకు పేరుండదు. కోడికీ ఉండదు.
ఎడమ గడిల తేదీ, కుడి గడిల గ్రాములు.

నుస్రత్ మేడం చూసి అబాబీల్ అన్నది.
మా అవ్వయితే వానకోయిల అనేది.
నేను కాళ్లు చూసిన.
నాలుగు గోర్లు, నాలుగూ ముందుకే.
గోడకు వేలాడొస్తది గని
నేల మీద నిలబడరాదు.
"కింద పడ్డదంటే లేవదు మొగులయ్యా, పైలం."

ముత్యాలు తూచే కాంటా అడుక్కొచ్చిన
పత్తర్‌గట్టీల తెలిసిన సేటు కాడ.
ఒకటి తొమ్మిది గ్రాములు. ఒకటి ఎనిమిదిన్నర.
మూడోది ఏడు, కండ్లు ఇంక తెరువలే.

మొదటిదానికి పిండిపురుగు,
మెత్తగ, నూనెగ, గొంతుల సులువుగ జారేది.
రెండోదానికి నల్ల ఈగ పురుగు.
మూడోదానికి ఇలకోడి,
కాళ్లు గిల్లి, తల గిల్లి, నీళ్లల ముంచి
పొద్దుగాల ఆరు సంది రాత్రి తొమ్మిది దాక
గంటకోపాలి.
ఎవరూ చెయ్యమన్న పరీక్ష కాదిది.
చెయ్యి అలవాటుపడ్డది, మూడు గళ్లు గీసింది.

రెండోది ఆరో నాడు పోయింది.
ఎందుకో రాసే గడి నా పుస్తకంల లేదు.

పిండిపురుగుది ఎగబడి పెరిగింది.
పదో దినానికి ఇరవై ఎనిమిది!
కాగితం మీద గీత చూసి మురిసిన,
బుచ్చమ్మకు ఫోన్ చేసి చెప్పిన.
మేడం దాని రెక్క ఇప్పి కిటికీకి అడ్డం పట్టింది.
ఈకల నడుమ సన్నటి చారలు,
మగ్గం మీద పోగు తెగిన కాడ
బట్ట పలుచబడ్డట్టు.
"బరువు పెరిగింది. పిట్ట పెరగలే."
పదకొండేండ్ల పుస్తకాలన్నీ
నా ఎనక బీరువాల ఉన్నయి.

ఇగ రెండింటికీ ఇలకోళ్లే.
ఇల మీద పాకే కోడి
ఇల మీద కాలు పెట్టని పిట్ట పొట్టలకు.
ఎవరు పెట్టిన్రో ఆ పేరు,
నవ్వొచ్చింది, మల్ల రాలే.

మృగశిర మొదటి వానకు
లైటు కింద ఉసిళ్లు లేచినయి.
నేను, బుచ్చమ్మ తాంబాలంల నీళ్లు పెట్టి పట్టినం.
మా అవ్వ వీటిని వేయించి పేలాలల్ల కలిపేది.
ఒక్కటి నోట్లేసుకున్న, పచ్చిదే.
మూడోది నా దిక్కే చూస్తున్నది.

ముప్పై దాటినంక అది తినుడు బంద్ పెట్టింది.
ఇరవై తొమ్మిది. ఇరవై ఏడు. ఇరవై ఐదున్నర.
కోడయితే మందు రాసేటోన్ని.
బలిమిటికి నోరు తెరిస్తే ఊసింది.
డబ్బ గోడ పట్టుకొని రాత్రంత
రెక్కలు టపటప కొట్టుడు, ఆపుడు, కొట్టుడు.
"పెట్టకు" అన్నది మేడం.
"ఎగురనీకే దించుకుంటున్నది."
తగ్గుతున్న అంకెను
మొదటిసారి ఎర్రపెన్ను లేకుంట రాసిన.

నీళ్ల ట్యాంకు మీదికెక్కి అరచెయ్యి చాపిన.
ఎంత సేపో కదలలే.
తర్వాత పడ్డది.
చెయ్యి కిందికి, వేపకొమ్మ కిందికి,
కాంపౌండ్ గోడ దాక పడుకుంటనే పోయింది.
కండ్లు మూసుకున్న.
తెరిచేసరికి ఆడ గోడే ఉన్నది.
నా పేరుల మొగులున్నది గని
తలెత్తి చూసుడు అలవాటు లేదు నాకు,
మెడ పట్టుకుంది.

ఆ దినం గ్రాముల గడిల
ఏం రాయాల్నో తెలువక చిన్న గీత గీసిన.

మొదటిది ఇంక చెప్పుల డబ్బలనే ఉన్నది.
చారల ఈకలు రాలి కొత్తయి మొలవాలంటే
ఏడాది అయితదో, ఎక్కువో.
పొద్దుగాల ఆరింటికి నోరు తెరుస్తది.
బుట్టల ఇలకోళ్లు కూస్తనే ఉంటయి,
చెయ్యి పెట్టంగనే అన్నీ ఒక్కసారి ఆపుతయి.